కంప్యూటరుకు వేడి చేసింది

మా ఇంట్లో మనుషులకు ఫ్యాను లేదు. బెంగళూరు పాతపేటలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వింత కాదు. ఈ ఊరి గాలిలో ఉంటూ ఫ్యాను పెట్టుకోవడమంటే ఊరిని అవమానించడమేనని మా నాయన నమ్మకం. పైగా మాది పట్టు ఇల్లు. ఫ్యాను తిరిగితే పోగులు లేస్తాయి, గ్రాఫు కాగితాలు లేస్తాయి, వాటితోపాటు మా నాయన కోపమూ లేస్తుంది. అందుకని నగర్తపేట సందులోని మా ఇంటికి వచ్చిన మొట్టమొదటి ఫ్యాను నా అరచేతిలో ఇమిడేంత ఉండేది. అదీ మాలో ఎవరి కోసమూ కాదు, కంప్యూటరులోని ప్రాసెసరు కోసం.

ఆ సంగతి చెప్పినప్పుడు మా నాయన ముఖం చూడాల్సింది. ప్రాసెసరును వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి, తమలపాకులో సగం కూడా లేని ఈ బిళ్ళకు ఫ్యానా అన్నాడు. ఫ్యాను లేకుండా కరెంటు ఇస్తే సోడా తాగి గ్లాసు కింద పెట్టేలోగా మాడిపోతుందని, కంప్యూటరు భాగాలు అమ్మే ఎస్.పి. రోడ్డు అంగడివాడు చెప్పాడన్నాను. మా నాయన దాన్ని నిప్పుకణిక పట్టుకున్నట్లు గబుక్కున నా చేతిలో పెట్టేశాడు. నిజం చెప్పాలంటే అంగడిలో ఆ మాట విన్నప్పుడు నేనూ అలాగే జడుసుకున్నాను. అంత వేడి పుట్టే వస్తువును ఇంట్లోకి, అందులోనూ పట్టు ఇంట్లోకి, తెస్తున్నానా అని ఒక నిమిషం అంగడి మెట్టు మీదే ఆగాను.

తేవడానికి కారణముంది. మా నాయన పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గీయడమంటే చిన్న చిన్న గళ్ళున్న గ్రాఫు కాగితం మీద ఒక్కొక్క గడినీ నింపుతూ పోవడం. నింపిన గడి దగ్గర మగ్గం మీద పోగు లేస్తుంది, విడిచిన గడి దగ్గర అణిగి ఉంటుంది. ఆ కాగితం, మగ్గానికి తగిలించే అట్టలు కొట్టేవాళ్ళ దగ్గరికి వెళుతుంది. అక్కడ ఒకరు గ్రాఫు చూసి ‘మూడు నింపు, రెండు విడు’ అని పైకి చదువుతుంటే, ఇంకొకరు అది వింటూ అట్టకు రంధ్రాలు కొడతారు. మా అమ్మ పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో అట్టలు కొట్టే ఇల్లు. పెళ్ళికి ముందు వాళ్ళ నాయనకు గ్రాఫు చదివి వినిపించేది ఆమేనట. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటాక మగ్గాలవాళ్ళు కాగితం వద్దనడం మొదలుపెట్టారు. మా నాయనకు ఎక్కువగా పని ఇచ్చే మగ్గాల యజమాని ఒకాయన దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చి, కాఫీ తాగి, లేవబోతూ, ఫ్లాపీలో ఇస్తే బాగుంటాదప్పా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక మా నాయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. డిజైన్లు లేకపోతే ఆయనకు ఇంకేమీ లేదు. పేకాట రాదు, రాజకీయాలు పట్టవు, గుడికి వెళ్ళినా దేవుడి పంచె అంచునే చూస్తాడు. నెమళ్ళూ మామిడి పిందెలూ రుద్రాక్షలూ తప్ప ఆయన తలలో మరో లోకం లేదు.

నేనప్పుడు మహదేవపుర దగ్గర ఒక కంపెనీలో లెక్కల విభాగంలో పనిచేసేదాన్ని. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాల వేళకు ఇల్లు చేరేదాన్ని. ఆఫీసులో కంప్యూటరు పాడైతే బాగుచేసే మనిషి పక్కన నిలబడి చూసి చూసి, ఇదేమంత బ్రహ్మవిద్య కాదనే ధైర్యం వచ్చింది. ఎస్.పి. రోడ్డు మా ఇంటికి నడిచే దూరమే. ఒక్కో వారం ఒక్కో భాగం తెచ్చి, ఒక ఆదివారం నడవలో చాప పరిచి అన్నీ బిగించాను. స్విచ్చు వేయగానే లోపలి చిన్న ఫ్యాను పిండిమరలాగా అందుకుంది. క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జుమ్మని కొట్టింది. మా ఇంటి వైరింగుకు ఎర్తు లేదన్న సంగతి, ఆ ఇల్లు కట్టిన ఇన్నేళ్ళకు, అలా తెలిసింది. మా అమ్మ ‘ముట్టుకుంటే కొడ్తాది, ముట్టుకోకుంటే అరస్తాది, ఇదేం పెండ్లికూతురమ్మీ’ అంది.

ఆదివారాల్లో మా నాయనకు మౌసు పట్టుకోవడం నేర్పేదాన్ని. ఆయన ముఖాన్ని ఒక పక్కకు వాల్చి, తెర మీద మెల్లగా ఈ మూల నుంచి ఆ మూలకు వెతికి, బాణం ఎక్కడికి పోయిందే పాపా అని అడిగేవాడు. నేను నవ్వేదాన్ని. కొత్తలో అందరికీ బాణం పారిపోతుందిలే నాయనా అనేదాన్ని. మా అమ్మ గుమ్మంలో కూర్చుని అనపగింజలు పితుకుతూ అంతా చూస్తుండేది. ఆమెకు రమ్మని ఒక్కసారీ చెప్పలేదు, ఆమే రాలేదు.

అయినా ఫ్లాపీలు వెళ్ళసాగాయి. ఒకటి, ఇంకొకటి, తర్వాత ఇంకొన్ని. దొడ్డబళ్ళాపురం ఆయన మెచ్చుకున్నాడని తెలిసి నేను ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. గడ్డం నెరిశాక కంప్యూటరు నేర్చుకున్నాడు మా నాయన అని ఎంత గొప్పలు పోయానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఈలోగా ఒక శుక్రవారం జరిగింది చెప్పాలి. మా అమ్మ శుక్రవారాల్లో ఇల్లంతా సాంబ్రాణి పొగ చూపిస్తుంది. దేవుడికి, వాకిలికి, పొయ్యికి, బియ్యం డబ్బాకు, ఇంట్లో ఎవరిమీదా వివక్ష లేదు. ఆ రోజు కంప్యూటరు ముందూ నిప్పుల పాత్ర పట్టింది. పొగ పైకి పోవాల్సింది పోయి, నేరుగా క్యాబినెట్ ముందున్న కంతల్లోకి దూరి, వెనక నుంచి బయటికి వచ్చింది. మా అమ్మ పాత్ర పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

‘తీసుకుంటా ఉండాది సూడు,’ అంది మెల్లగా. ‘ఇన్నేండ్లు ఇచ్చినా, ఒక్క దేవుడన్నా ఇట్ల పీల్చినాడా?’

లోపల ఫ్యాను ఉంది కాబట్టి లాగుతోందని నేను చెప్పాను. ఆమె వినలేదు. విని ఉంటే ఆ తర్వాత కథ వేరేలా ఉండేది.

వేసవి వచ్చింది. కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. తెర నల్లబడటం, కాసేపు ఊరుకుంటే మళ్ళీ లేవడం. సాయంత్రం నేను వచ్చి చెయ్యి పెడితే క్యాబినెట్ అప్పుడే దించిన పాలగిన్నెలా ఉండేది. ఎంతసేపు వాడినావు నాయనా అంటే, ఏదో నాలుగు గీతలు గీస్తినప్పా అనేవాడు. నాలుగు గీతలకు ఇంత వేడా? నాకు బుర్ర తిరిగిపోయింది. మా అమ్మ మాత్రం దాని నుదుటి మీద చెయ్యి పెట్టినంత పని చేసి, దీనికి వేడి చేసింది, ఇంకేం లేదు అని తేల్చేసింది. మజ్జిగ ఒక్కటే పట్టలేదు.

ఒక ఆదివారం క్యాబినెట్ పక్క రేకు ఊడదీశాను. నిర్ఘాంతపోయాను. ప్రాసెసరు మీద సన్నని అల్యూమినియం రేకుల దిమ్మె ఒకటుంటుంది, దానిమీద ఫ్యాను. ప్రాసెసరు వేడి ఆ రేకుల్లోకి ఎక్కితే ఫ్యాను దాన్ని ఊదేస్తుంది. అక్కడ రేకులనేవే కనిపించలేదు. వాటి స్థానంలో గోధుమరంగు కంబళి ముక్క ఒకటి నిండుగా పరుచుకుని ఉంది. గిల్లితే జిగురు. వాసన చూస్తే గుడి. పట్టు నూగంతా లోపలికి వెళ్ళి, సాంబ్రాణి జిడ్డుకు అంటుకుని, పొర మీద పొర పేరుకుని అలా తయారైంది. శుక్రవారం శుక్రవారం చూపిస్తే ఇంత కాదు. గట్టిగా అడిగితే, రోజూ పొద్దున్నే చూపిస్తున్నానని మా అమ్మ ఒప్పుకుంది.

నేను ఎగిరాను. మిషనుకు ఊపిరాడకుండా చేసి చంపుతున్నావని అరిచాను. అందరికీ ఇచ్చి దానికి ఇయ్యకుంటే ఎట్లప్పా అంది, ఏమీ తొణక్కుండా. ఇంత చదువులేని పని ఎలా చేస్తావని నేనింకా అంటుండగా మా నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు. సాంబ్రాణి మాటెత్తితే ఆయనకెందుకు కష్టం?

దువ్వెనతోనూ కుంచెతోనూ ఆ కంబళిని లాగి శుభ్రం చేశాను. కానీ ఇంక దీన్ని నమ్మబుద్ధి కాలేదు, మంచి కూలరు కొందామని మళ్ళీ ఎస్.పి. రోడ్డుకు వెళ్ళాను. అంగడివాడు కన్నడమూ హిందీ కలిపి చాలా చెప్పాడు. మొత్తం రాగితో చేసిన బరువైనది ఒకటి చూపించాడు, అది మా పాతదానికంటే అరుస్తుంది. వెడల్పు రేకులు, పెద్ద ఫ్యాను ఉన్నది ఇంకొకటి చూపించాడు. నిదానంగా తిరుగుతుంది, చెవి ఆనిస్తే తప్ప వినిపించదు. పెద్ద పెద్ద దేశాల్లో అయితే కంప్యూటరు లోపల గొట్టాలు పెట్టి నీళ్ళు పారిస్తారని కూడా చెప్పాడు. కరెంటు ఉన్న పెట్టెలో నీళ్ళు! ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ నాకంటే ఎక్కువ బెదిరింది. కావేరి నీళ్ళు మనకే దినం విడిచి దినం వస్తాండాయి, దానికి బిందెతో యాడ పోసేదని ఆమె బాధ.

శబ్దం లేనిదే తెచ్చాను. పెద్దవాళ్ళు రోజంతా పిండిమర పక్కన కూర్చోవడం నాకు నచ్చలేదు. పక్కింటి జరీ అంగడాయన కూడా ఆ హోరు గురించి గొణిగేవాడు. మా నడవకూ ఆయన అంగడికీ మధ్య ఒకే గోడ. మగ్గాల యజమానులంతా జరీ కోసం అక్కడికే వచ్చి గంటలకొద్దీ కూర్చుంటారు. వాళ్ళ ముందు మన ఇల్లు మర్యాదగా ఉండాలి కదా అనుకున్నాను. కొత్త కూలరు బిగించి స్విచ్చు వేస్తే ఇల్లంతా నిశ్శబ్దం. ‘ఎట్లుంది నాయనా?’ అన్నాను గర్వంగా.

‘శబ్దం ఉండనీ పాపా,’ అన్నాడు. ‘శబ్దం లేకుంటే చెయ్యి ఆడదు.’

మగ్గాల మధ్య పెరిగిన మనిషికి ఆ చప్పుడు అలవాటని నవ్వేసి, ‘చెయ్యి ఆడకుంటే నేను పక్కన కూర్చుని టకటకలాడిస్తాలే’ అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు.

కంప్యూటరు ఆగిపోవడం మానింది. ఫ్లాపీలు ఆలస్యం కావడం మొదలైంది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బల్ల మీద చీర అంచు ముక్క ఒకటి ఉంది. దొడ్డబళ్ళాపురం ఆయన నమూనాకు నేయించి, ఏమీ అనకుండా పంపించాడు. ఎర్ర పట్టు మీద జరీ నెమళ్ళ వరుస. దగ్గరగా చూసి కొయ్యబారిపోయాను. ఆ నెమళ్ళకు మెడ లేదు. సన్నగా సాగాల్సిన చోట ఉబ్బిపోయి, అచ్చం కోళ్ళలా ఉన్నాయి. అంచు పొడవునా జరీ కోళ్ళు వరసగా నడుస్తున్నాయి. మా నాయన చేతిలో ఒక్క గడి తప్పు పోవడం నేను పుట్టాక చూడలేదు. ఆ రాత్రి మా అమ్మ ఆ ముక్కను మడిచి బీరువాలో పెట్టింది.

మరునాడు ఆఫీసులో అంకెలు కనిపించలేదు, కోళ్ళే కనిపించాయి. మధ్యాహ్నం సెలవు అడిగి బస్సెక్కాను. దారి పొడవునా ఒక మాట తయారు చేసుకున్నాను. ఇంక చాలు నాయనా, నీ వయసుకు ఇంక విశ్రాంతి తీసుకో. ఎలా అంటే నొప్పించకుండా ఉంటుందో నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గుసగుసలు. మా నాయన ఏదో స్తోత్రం చదువుతున్నాడేమో అనుకున్నాను. తలుపు తోశాను.

కంప్యూటరు ముందు మా అమ్మ కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, చెయ్యి మౌసు మీద ఉంది. మా నాయన పక్కన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. ‘రెండు విడు. మూడు నింపు. ఒకటి విడు. ఏడు నింపు.’ ఆమె వేలు టిక్కుటిక్కుమంటూ ఆ మాటల వెంట పోతోంది. తెర మీద, గడి వెంట గడి, నెమలి తోక విప్పుకుంటోంది.

మా అమ్మకు కంప్యూటరు రాదు. మా ఇంట్లో అది సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత ఖాయమైన సంగతి.

మా అమ్మ తలతిప్పకుండానే అంది. ‘చెప్పులు ఆడ విడువు. వరస మధ్యలో ఉండాది.’

వరస అయ్యేదాకా నిలబడ్డాను. అయ్యాక మా నాయన కళ్ళు తెరిచి, నేను నిలబడ్డ వైపు కాక, కొంచెం పక్కకు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు.

కళ్ళలో నీటికాసులట. ఎప్పుడో మొదలైంది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పి అప్పటికే చాలా కాలమైంది. చుట్టూ చీకటై, ఎదురుగా చేతిగాజు గుండ్రమంత మాత్రం కనిపిస్తుంది. అందులో ఒక ముఖం పడుతుంది, అన్నం పళ్ళెం పడుతుంది. గ్రాఫులో ఒక గడి పడితే పక్క గడి పడదు. తెర మీద బాణం అసలే పడదు. బాణం పారిపోయిందే పాపా అని ఆయన అడిగిన ప్రతిసారీ నేను నవ్వాను. అమ్మ మాత్రం గుమ్మంలో అనపగింజలు పితుకుతూ మౌసు ఎలా పట్టుకోవాలో, ఏది నొక్కితే ఏమవుతుందో చూసి నేర్చుకుంది. నేను బస్సెక్కగానే ఇద్దరూ కూర్చునేవాళ్ళు. నేను దిగే వేళకు ఆపేవాళ్ళు. పాలగిన్నెలా కాలిన క్యాబినెట్ నాకు రోజూ ఆ సంగతే చెప్పింది. మధ్యలో అది ఆగిపోతే గీసిందంతా పోయేది. ఆగొద్దు తల్లీ అని మా అమ్మ దానికి రోజూ సాంబ్రాణి వేసేది.

‘నాకెందుకు చెప్పలేదు?’ అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. మా నాయన గోడవైపు చెయ్యి చూపించి, మెల్లగా మాట్లాడమన్నాడు.

‘ఆ పక్క అందరూ కూసోనుంటారు. కండ్లు లేనోడు గీస్తాండాడని తెలిస్తే ఎవురిస్తారు పని? ఆ మిషను మొత్తుకుంటా ఉన్నన్ని దినాలు నేను గొంతెత్తి చదివినా గోడ దాటలే. బాగుండె. నువ్వు దాన్ని మూగదాన్ని చేస్తివి. అప్పట్నుంచి గుసగుసలే. మీ అమ్మకు మూడు అంటే ఏడు వినపడె. నెమలి కోడి అయిపాయె.’

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇంట్లో ప్రశాంతత కోసం నేను ఏరికోరి తెచ్చిన ఫ్యాను అది.

‘నాకన్నా చెప్పుండొచ్చు గదా నాయనా.’

‘నీకు చెప్తే ఇంక చాలు నాయనా అంటావు,’ అన్నాడు. ‘నీ నోట్లో ఆ మాట ఇనలేనప్పా.’

బస్సులో నాలుగు రకాలుగా దిద్దుకున్న మాట గొంతులోనే ఉంది. దాన్ని మింగడానికి నాకు నీళ్ళు కావలసి వచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి, చెంబు పట్టుకుని, ఏడ్చాను. మా అమ్మ వెనకే వచ్చి ముక్కు తుడుచుకోమని కొంగు ఇచ్చింది.

పాత ఫ్యాను ఎక్కడుందని అడిగాను. పారేసి ఉంటారని భయం. మా అమ్మ దేవుడి గూట్లోంచి దాన్ని తీసి ఇచ్చింది. రేకుల దిమ్మెతో సహా తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి దాచింది. అంతసేపూ ఏడ్చిన నేను అది చూసి నవ్వాను. ఆ సాయంత్రమే రాజీ కుదిరింది. పాత కూలరే ఉంటుంది, నెలకోసారి నేను శుభ్రం చేస్తాను, సాంబ్రాణి మాత్రం క్యాబినెట్ వెనక వైపు చూపించాలి, అక్కడ గాలి బయటికే వస్తుంది కాబట్టి. వెనక నుంచి ఎవరన్నా ధూపం ఇస్తారా అని మా అమ్మ వాదించింది గానీ, చివరికి ఒప్పుకుంది. ప్రాసెసరు మీద తెల్లటి ముద్దను వేలితో పూస్తుంటే, దానికీ గంధం పెడ్తారా అని వంగి చూసింది. పెడతారమ్మా, వేడి లాగడానికి అన్నాను. చూస్తివా అన్నట్లు మా నాయనవైపు తిరిగింది. స్విచ్చు వేశాను, పిండిమర అందుకుంది.

మరునాడు ఆఫీసుకు పోలేదు. కోళ్ళను నెమళ్ళుగా దిద్దడానికి వాళ్ళిద్దరూ కూర్చున్నారు. నేను చెప్పులు వేసుకుని పక్కనున్న జరీ అంగడికి వెళ్ళాను. దొడ్డబళ్ళాపురం ఆయన అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు. మీ నాయన పనిలో ఉండాడా అని అడిగాడు.

‘ఉండాడు, వినపడలేదా?’ అన్నాను.

ఆయనా జరీ అంగడాయనా ఇద్దరూ గోడవైపు చూశారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, మా నాయన గొంతెత్తి చదువుతున్నాడని నాకు తెలుసు. హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఒక్క అంకె కూడా దాటి రాలేదు. అక్కడున్న బల్లమీద కూర్చున్నాను.

‘మళ్ళీ మొదలుపెట్టిందే మీ మిషను,’ అన్నాడు జరీ అంగడాయన విసుగ్గా. ‘మొన్న బాగు చేయిస్తిరి గదమ్మా?’

‘దానికి వేడి చేసిందన్నా,’ అన్నాను. ‘ఇంక ఇట్లనే అరస్తాది.’